తుంగభద్రలో పడ్డ కెమెరా

దయ్యం వీడియో అని ఎవరైనా ఫోన్‌కు పంపితే, బొమ్మను ఎక్కడ అతికించారో వేలు పెట్టి చూపించే రకం నేను. ఆలంపూర్ దగ్గర పెళ్లి వీడియోలు తీసి బతుకుతున్నాను. రాని మేనమామను ఫొటోలో నిలబెట్టడం నా పనే. కాబట్టి దయ్యాల మీద నాకు నమ్మకం ఎప్పుడూ లేదు. ఇది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

అప్పట్లో డ్రోన్ కొనే స్తోమత లేక థర్మాకోల్‌తో చిన్న విమానం తయారు చేసుకున్నాను. రిమోట్‌తో ఎగురుతుంది. దాని పొట్ట కింద నీళ్లు చొరని కెమెరా బిగించాను. మొదటి కెమెరా ఒక పెళ్లివారి బావిలో పడి చచ్చాక వచ్చిన బుద్ధి అది. దానికుండే గట్టి డబ్బా వల్ల బయటి శబ్దాలు సరిగా అందవు. మోటారు రొద తప్ప దాదాపు ఏమీ వినిపించదు.

మా చిన్నాయన గొర్రెలు కాసేవాడు. ఒక వానాకాలం పైన వానలు పడి తుంగభద్ర ఉన్నట్టుండి పొంగింది. నది నడుమ మెరక మీద మేస్తున్న మందనంతా ఆయన ఒడ్డుకు చేర్చాడు. తానూ ఒడ్డెక్కాడు. అంతలో గొంగడి అక్కడే మరిచానని మళ్లీ నీళ్లలో దిగాడు.

బయటివాళ్లకు ఇది పిచ్చితనంలా ఉంటుంది. గొర్రెలు కాసే మా ఇళ్లలో పెళ్లినాడు గొంగడి మీదే కూర్చోబెడతారు. వానకూ చలికీ అదే దిక్కు. పోయినప్పుడు కప్పేదీ అదే. దాన్ని భుజాన వేసుకుని ఈదుతూ వస్తుంటే ఒడ్డున జనం చూశారు. తడిసిన గొంగడి ఎంత బరువో ఆయనకు తెలియనిది కాదు. వదిలెయ్యమని అందరూ అరిచారు. వదల్లేదు. ఆ తర్వాత కనిపించలేదు.

నదిలో గుండ్రటి బుట్టపడవలు నడిపే పుట్టీవాళ్లు వెతికి వెతికి అలిసిపోయారు. పెద్దలు ఇక దినాలు చేద్దామన్నారు. చిన్నమ్మ ఒప్పుకోలేదు. “ముందు మనిషిని జూపియ్యుండ్రి, ఆనంక గాజులు తీస్త” అని మొండికేసింది. పూటపూటకూ ఆయన కంచంలో అన్నం పెట్టి మూత పెట్టేది. తాను మాత్రం మెతుకు ముట్టేది కాదు. దొడ్డిలో గొర్రెలు కూడా మేత మానేశాయి. ఇలాగైతే చిన్నమ్మా దక్కదని నాకు భయం పట్టుకుంది.

“కొడుకా, నీ ఇమానంతోని జర జూడు. ఏడన్న చెట్టు వట్టుకొని ఉంటడు” అని నా చెయ్యి పట్టుకుంది. కాదనలేకపోయాను.

వరద కాస్త తగ్గాక, మంచి ఎండలో విమానం ఎగరేశాను. మొదట బాగానే తిరిగింది. దిగువన సర్కారు తుమ్మల దగ్గరికి వెళ్లేసరికి రిమోట్ మాట వినలేదు. నిట్టనిలువునా నీళ్లలో పడింది. పుట్టీవాళ్లు వెళ్లి తెచ్చిచ్చారు. రెక్క విరిగింది, కెమెరాకు మాత్రం ఏమీ కాలేదు.

చిన్నమ్మ వాకిట్లోనే లాప్‌టాప్ తెరిచాను. తెర మీద నది, తుమ్మలు, మోటారు రొద. నీళ్లలో పడ్డాక అంతా బురద రంగు. రొద కూడా ఆగిపోయింది. ఇక ఆపేద్దామని చెయ్యి చాపాను.

దొడ్డిలో పడుకున్న గొర్రెలన్నీ ఒక్కసారిగా లేచాయి. కంచె దాకా తోసుకొచ్చి, లాప్‌టాప్ వైపే చెవులు రిక్కించి నిలబడ్డాయి.

నాకేమీ వినిపించలేదు. ఒట్టేసి చెబుతున్నాను.

చిన్నమ్మ మాత్రం తల వంచి వింటోంది. మందను మేపడానికి ఒక అదిలింపు, నీళ్లకు తోలడానికి ఒకటి, పొద్దుగూకే వేళ ఇంటికి మలపడానికి ఒకటి ఉంటాయి. ఎవరి గొంతు వాళ్లదే. పరాయి గొంతుకు మంద కదలదు.

“మలుపుతుండు” అంది. “గొర్లను ఇంటికి మలుపుతుండు కొడుకా.”

“ఎవరు చిన్నమ్మా?”

“మీ చిన్నాయినే. మందను ఇంటికి గొట్టి తను ఆడనే ఉన్నడు. ఇగ రాడు.”

లేచి వెళ్లి కంచం మీద మూత తీసింది. అప్పుడు ఏడ్చింది, అన్ని రోజుల తర్వాత మొదటిసారి. ఆ సాయంత్రం గొర్రెలు మేత ముట్టాయి.

మర్నాడు విమానం పడ్డ చోటే పుట్టీవాళ్లకు చిన్నాయన దొరికాడు. అంతకుముందు వాళ్లు వెతికిన చోటే అది. గొంగడి భుజాన్నే ఉంది. దాన్నే కప్పి సాగనంపాం.

సిగ్నల్ పోయి విమానం పడిందనుకోవచ్చు. తెర వెలుగుకు గొర్రెలు బెదిరాయనుకోవచ్చు. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. ఆ వీడియోను దుకాణంలో పెద్ద స్పీకర్లు పెట్టి ఎన్నోసార్లు విన్నాను. మోటారు ఆగాక అందులో ఏమీ లేదు.

కానీ ఏటా చిన్నాయన పోయిన రోజున చిన్నమ్మ దాన్ని పెట్టించుకుంటుంది. ఆయన మేపిన గొర్రెలు లేచి నిలబడతాయి. ఆయన పోయాక పుట్టినవి నెమరువేస్తూ పడుకునే ఉంటాయి. ఎందుకిలా అవుతోందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ పాత మందలో ఇప్పుడు ఒక్క ముసలి గొర్రే మిగిలింది. ఎవరెంత అడిగినా చిన్నమ్మ దాన్ని అమ్మలేదు. ఈ మధ్య చిన్నమ్మకు చెవుడు వచ్చింది. మొన్న ఆయన పోయిన రోజున వీడియో పెట్టినప్పుడు ఆమె తెర వైపు చూడనే లేదు. గొర్రె మెడ మీద చెయ్యి వేసి కూర్చుంది. మోటారు ఆగింది. గొర్రె వణుక్కుంటూ లేచింది.

“పిలుస్తుండు” అంది చిన్నమ్మ. “జర ఆపకు కొడుకా.”

వీడియో అయిపోయింది. గొర్రె ఇంకా నిలబడే ఉంది. నేను మళ్లీ మొదటి నుంచి పెట్టాను.