పట్టుకొంగు చక్రంలో పడ్డ రోజు

మొన్న మా అల్లుడు కొత్త మోటారు సైకిలు కొని, వెనక చక్రానికి చీర చిక్కుకోకుండా బిగించిన జాలీ అందం చెడగొడుతోందని షోరూంలోనే విప్పించేశాడు. ఈ రోజుల్లో చీరలెవరు కడుతున్నారు మామా అని నవ్వాడు. ఆరో తరగతితోనే బడికి దండం పెట్టినవాణ్ని, చదువుకున్న అల్లుడికి నేనేం చెబుతాను గానీ, నా కళ్ల ముందు మాత్రం పాత సైకిలు చక్రమొకటి తిరిగింది.

మన ఈడు వాళ్లకు తెలుసు, గద్వాలలో చీరలు నేసే ఇంట పుట్టినవాడి కాళ్లు మగ్గం గుంటలో దిగాయంటే మళ్లీ పైకొచ్చేది అన్నం వేళకే. ముందు పడుగు దారాలు, వెనక గోడ. అలాంటి నాకు సైకిలెక్కితే రెక్కలొచ్చినట్టుండేది. ముందు చూసుకుని, బెల్లు కొట్టి, ఎడమ పక్కగా పోతే అంతకు మించిన జాగ్రత్త లేదనుకునేవాణ్ని. వెనక కూడా చూసుకోవాలని ఎవరూ చెప్పలేదు.

నేసిన పట్టుకొంగు చీరలు అమ్మకానికే తప్ప మా ఇళ్ల ఆడవాళ్లు కట్టేది లేదు. అయినా పంతంపట్టి, పెళ్లయిన రెండో ఏట మా ఆవిడకొకటి నేశాను. ఒళ్లంతా నూలు, కొంగు పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగుకు పోగు వేళ్లతో మెలేసి అతకాలి, కళ్లు నీళ్లు కారతాయి. మానవపాడు దారిలో ఉన్న వాళ్ల ఊరికి, ఆమె తమ్ముడి పెళ్లికని సైకిలు మీద బయల్దేరుతుంటే, కొంగు నడుముకు దోపుకోమంది మా అమ్మ. అత్తగారి ఊరంతా చూడొద్దా అని వెనక్కి వదిలించింది నేనే.

ఊరు రెండు మైళ్లుందనగా, ఇరుకు కల్వర్టు మీద, ఎవరో పట్టి లాగినట్టు సైకిలు ఆగి ఇద్దరం పడ్డాం. కొంగు చైనులోకీ చక్రంలోకీ చుట్టుకుపోయింది. చక్రం తిరగదు, సైకిలు కదలదు, భుజం చక్రానికి ఆనుకుపోయిన మా ఆవిడ లేవలేదు. రెండు పక్కలా పిట్టగోడలు. వెనక దిగుడులో వేరుశనగ బస్తాల లారీ వస్తోంది.

అప్పుడు నేను చేసిన పని నేతగాడు తప్ప మరొకడు చేయడు. పోగులు కత్తిరించే చిన్న కత్తెర జేబులోనే ఉంది. తీయలేదు. మగ్గం మీద చిక్కు తీసినట్టు రోడ్డు మీద కూర్చుని ఒక్కో చుట్టే విప్పసాగాను. కొయ్యమంది, మళ్లీ కొయ్యమంది. ఇంక రెండు చుట్లేనన్నాను. హారను దగ్గరపడుతున్నా నా వేళ్లు పోగు తెగుతుందేమోనని ఆగి ఆగి కదులుతున్నాయి.

"చీరంటే మల్లొకటి నేస్తవ్. నన్ను నేస్తవా?"

అంటూనే నా జేబులోంచి కత్తెర లాక్కుని, కొంగును భుజం దగ్గర కరకరా కోసి, నా చొక్కా పట్టుకుని గోడవారకు ఈడ్చింది. లారీ కీచుమని, సైకిలు చక్రాన్ని వంచి ఆగింది.

"ఏందన్నా, రోడ్డు మీదనే మగ్గం పెట్టినవా? జర నీ పెండ్లాన్నన్న జూస్కోవా?" అన్నాడు డ్రైవరు దిగొచ్చి. పాపం ఆయనే సైకిలును బస్తాల మీదికెత్తి, మమ్మల్ని వాళ్ల ఊరి దగ్గర దింపిపోయాడు. పెళ్లింట్లో అడిగినవాళ్లందరికీ మా ఆవిడ కొంగు ముళ్లకంపకు తట్టుకుందనే చెప్పింది, నన్ను ఎవరినీ ఒక్క మాట అననివ్వలేదు.

కానీ ఆ తర్వాత నా సైకిలెక్కినన్నాళ్లూ, వెనక ఏ బండి చప్పుడు వినపడ్డా నాతో చెప్పకుండానే దూకి, రోడ్డు దిగి నిలబడేది. నేను జోకులేసేవాణ్ని, తను నవ్వేది, మళ్లీ చప్పుడైతే మళ్లీ దూకేది. ఇప్పుడా దారి వెడల్పయింది, ఆ కల్వర్టు ఎక్కడుండేదో కూడా తెలియదు. మనవరాలు స్కూటీని గాలిలా తోలుతుంటే మా ఆవిడ వెనక కూర్చుని, ఫోను చెవికి పెట్టుకుని, లారీలు పక్కనుంచి పోతున్నా తల కూడా తిప్పదు. అంత నిబ్బరంగా నా వెనక ఆమె మళ్లీ ఒక్కసారీ కూర్చోలేదు.