‘ముందు’ బొమ్మలో గౌన్లక్క

బరువు తగ్గించే పొడి ప్రకటనలో తన ముఖం చూసిన రోజు గౌన్లక్క నవ్వి ఊరుకుంది. షాపు నిండా కొలతలకి వచ్చినవాళ్ళున్నారు, నవ్వక ఏం చేస్తుంది?

ఫోను తెచ్చి చూపించింది టీచరమ్మ. తెర మీద రెండు బొమ్మలు. ఒకదాని కింద ‘ముందు’, ఇంకోదాని కింద ‘తర్వాత’. ముందు బొమ్మలో ఉన్నది గౌన్లక్కే, ఒంటి మీదున్నది ఆమె కుట్టిన నీలం గౌనే. కాకపోతే నడుముని ఎవడో అటూ ఇటూ లాగి పీపా చేశాడు, చెంపలు ఉబ్బించాడు. తర్వాత బొమ్మలోనూ ఆమే, సగానికి సగం చెక్కేసిన ఆమె.

“ఏంటక్కా, మాకు చెప్పకుండానే చిక్కిపోయావా?”

“అంత ఒళ్ళే ఉంటే నా గౌనుకి గుడ్డ ఎక్కణ్ణుంచి తెచ్చేదాన్నమ్మా!”

అందరూ పడీపడీ నవ్వారు. గౌన్లక్క మాత్రం టీచరమ్మ భుజం కొలత తప్పు రాసి, కొట్టేసి, మళ్ళీ తప్పు రాసింది.

గౌన్లక్క పెళ్ళికి ముందు నుంచీ బట్టల ఫ్యాక్టరీలో చొక్కా చేతులు మాత్రమే కుట్టింది. పూర్తి చొక్కా ఎలా ఉంటుందో బయట ఎవరి ఒంటి మీదో చూడ్డమే. అందుకే సొంతంగా మిషను పెట్టుకున్నాక ఏ కొత్త డిజైనైనా మొదటిది తన కొలతకే కుట్టుకుంటుంది. వేసుకుని, చెయ్యెత్తి, వంగి, కూర్చుని చూస్తుంది. చంక కింద పట్టేస్తే నిర్దాక్షిణ్యంగా విప్పేస్తుంది. బాగుంటే అద్దం పక్కన నిలబడుతుంది, ఎలక్ట్రీషియన్ మొగుడు ఫోటో తీస్తాడు. కుట్టు కనపడాలి కదా అని ఉన్నంతలో పెద్ద ఫోటో, అందరికీ కనపడేలా ఇంటర్నెట్లో షాపు పేజీలో పెట్టేది.

“ఫోటో మీద పేరు వెయ్యి వదినా, ఎవరైనా ఎత్తుకుపోతారు,” అని సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే ఆడపడుచు ముందే చెప్పింది. వేసింది, కింద మూలన, చిన్నగా. బట్ట మీద పేరు మెడ లోపలో అంచులోనో కుడతారు గానీ నడి గుండెల మీద కుడతారా? చేతికున్న ఆ అలవాటే ఫోటోకీ వచ్చింది. ఎత్తుకుపోయినవాడు కత్తెర పెట్టినట్టు ఆ మూల తీసేశాడు.

“కెలక్కు,” అన్నాడు మొగుడు. “నాలుగు రోజులు పోతే ఎవరికీ గుర్తుండదు.”

ఆమె కూడా అలాగే అనుకుంది. వీధి చివరి బేకరీ ఆవిడ వచ్చేదాకా.

బేకరీ ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. కూతురు ఆ పొడి తాగుతోందట. మంచినీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదట, ఆసుపత్రిలో పెట్టారట. “నీ ముఖం చూసే కొన్నాను. ఇంకెవరైనా అయితే నమ్మేదాన్నా?”

“అది నేను కాదమ్మా...”

“నువ్వు కాకపోతే మరెవరు? గౌను నీది కాదా? ముఖం నీది కాదా?”

“గౌను నాదే. ముఖం నాదే. మాట నాది కాదు.”

బేకరీ ఆవిడ వినలేదు. ఆమె స్థానంలో ఎవరున్నా వినరు.

ఆ సాయంత్రమే ఆడపడుచుని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ప్రకటన చూపిస్తున్న యాప్ కంపెనీకి ఫిర్యాదు పంపింది. జవాబొచ్చింది: ఆ ఫోటోలో ఉన్నది మీరేనని రుజువుగా, గుర్తింపు కార్డు పట్టుకుని మీ ముఖం స్పష్టంగా కనపడే ఫోటో పంపండి.

“నా ముఖం ఎత్తుకుపోయారని చెప్పడానికి మళ్ళీ నా ముఖమే ఇవ్వాలా?”

“వేరే దారి లేదు వదినా.”

ఇచ్చింది. ప్రకటన పోయింది. వారం తిరక్కుండా ఇంకో పేరుతో, ఇంకో డబ్బా పక్కన, అదే నీలం గౌను! పోలీసులకీ చెప్పుకుంది. చూస్తామన్నారు.

“పేజీలో నా ఫోటోలన్నీ పీకేస్తాను,” అంది.

“పీకేస్తే సాక్ష్యం పోతుంది. అవి ముందు పెట్టింది నువ్వేనని తేదీలు అక్కడే ఉన్నాయి. అన్నయ్య ఫోన్లో అసలువి ఉన్నాయా?”

మొగుడు వాటిని ఫోను నిండిపోయిందని ఎప్పుడో చెరిపేశాడు.

ఉంచితే దొంగకి మేత. తీసేస్తే తనదని చెప్పుకోడానికి ఆధారం లేదు. చివరికి ఆడపడుచు వాటిని తమకి తప్ప ఎవరికీ కనపడకుండా దాచిపెట్టింది. ఇప్పుడు పేజీలో హ్యాంగర్లకి వేలాడే గౌన్లు మాత్రమే ఉన్నాయి, సైజు తగ్గించి, బట్ట మధ్యలోంచి ఏటవాలుగా షాపు పేరు వేసి. చంక కింద పట్టేస్తుందో లేదో హ్యాంగరు చెప్పదు. కొత్తవాళ్ళు రావడం తగ్గింది.

బేకరీ అమ్మాయి కోలుకుంది. వాళ్ళమ్మ మాత్రం ఇప్పటికీ ఈ షాపు రాగానే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తుంది. గాజు తలుపు మీద గౌన్లక్క కాగితం అంటించింది: ‘పొడి ప్రకటనలో ఉన్నది నా ఫోటో. నన్ను అడక్కుండా వాడారు. నేనది ఎన్నడూ తాగలేదు.’ పోయేవాళ్ళు ఆగి చదువుతారు, తర్వాత తలెత్తి ఆమె నడుము వంక చూస్తారు. మిషను దగ్గర కూర్చుంటే వెలుగుకి కాగితంలోంచి ఆ అక్షరాలు ఆమెకి తిరగేసి కనపడతాయి. రోజంతా వాటి వెనకే కూర్చుని కుడుతుంది.

ఆ వీధిలో ఆ ప్రకటన చూడనివాళ్ళు లేరు. నవ్వినవాళ్ళున్నారు, పక్కవాళ్ళకి పంపినవాళ్ళున్నారు. ఫిర్యాదు చేసింది మాత్రం ఆమె ఒక్కతే.

మీ ఫోనులోకీ ఇలాంటి బొమ్మ వస్తుంది. ఎవరికీ పంపకండి. లింకు దాచుకుని, తెరని ఫోటో తీసి, ఫిర్యాదు చెయ్యండి. తెలిసిన ముఖమైతే ఆ మనిషిని పక్కకి పిలిచి చెప్పండి, నలుగురి ముందు కాదు. మీ ఫోటోలు పెట్టేటప్పుడు సైజు తగ్గించండి, పేరు మధ్యలో వెయ్యండి, అసలువి వేరే చోట భద్రం చేసుకోండి. అన్నీ చేసినా ఎత్తుకుపోతే సిగ్గుపడాల్సింది మీరు కాదు. దొంగల దగ్గర సొమ్ము తీసుకుని ప్రకటనలు చూపించి, బాధితుల్నే రుజువులడిగే కంపెనీలని నిలదియ్యాల్సింది మనందరం. ఒక్కరు అడిగితే వాళ్ళు జవాబు పంపి ఊరుకుంటారు. వీధి వీధంతా అడగండి.