చెల్లెలి కంట్లో వరి నూగు

పందొమ్మిది వందల అరవైల మొదట్లో, బోగోలు నుంచి నెల్లూరు పోయే బస్సులో నా కంట్లో నలుసు పడింది. వెనక సీటు మనిషి తన ఊరి నడివయసు ఆమెను చూపించాడు.

"సారూ, ఈ అక్క నాలుక కొనతో తీసేస్తాది. మా సముద్రపొడ్డు పాలెంలో అందరికీ ఈమే."

ఆమె నా కంటిదాకా చెయ్యి చాచి, చటుక్కున కొంగులోకి దాచుకుంది.

"నేను తీయను, అన్నా."

"ఏమ్మా, నా కన్ను అంత పనికిరానిదా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "మా రేవులో ఇసక నలుసులు ఎన్నో తీసినాను, ఎవురికీ ఏమీ కాలేదు. మొన్నామధ్య పడమటి ఊళ్ళకు కోతలకు పోయినాం. మా చెల్లెలి కంట్లో వరి నూగు పడితే అట్నే తీసినాను. కన్ను తెల్లబడింది. సముద్రపొడ్డున కంటికి పట్టే పురుగు వేరంట, వరిచేలో పట్టే బూజు వేరంట, డాక్టరు చెప్పినాడు. చెల్లెలు ఇప్పుడు నెల్లూరు ఆస్పత్రిలో ఉంది. చూపు రాదంట."

"ఆ బూజు నువ్వు పెట్టింది కాదు కదమ్మా."

"డాక్టరు వద్దు, అదే తగ్గిపోతాదని ఆపింది నేనే గదన్నా."

నెల్లూరులో దిగి కుళాయి కింద కడుక్కుంటే నలుసు పోయింది. ఆ మాట చెప్పినా ఆమె వినలేదు. ఆస్పత్రిదాకా వెంటబెట్టుకుపోయి, చెల్లెలి మంచం దగ్గరకు పోకముందే నన్ను డాక్టరు ముందు కూర్చోబెట్టింది.