మామయ్యగారి హార్డ్ డిస్కు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. క్షమించమని అడగడానికి మాత్రం కాదు. ఆ పని మీది కాదు.

పంజాగుట్టలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. మావారు, నేను, మామయ్యగారు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ మామయ్యగారిది. సనత్‌నగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ల మీద పనిచేసి, రిటైరయ్యాక కొనుక్కున్నారు. రోజూ కాఫీ తాగి దాని ముందు కూర్చునేవారు. ఏ మిషన్ ఎలా మొరాయించేది, దాన్ని ఎవరు ఎలా దారికి తెచ్చారు, అన్నీ రెండు వేళ్లతో తెలుగులో టైపు చేసేవారు. భోజనానికి పిలిస్తేగాని లేచేవారు కాదు. నాలుగేళ్లు అలా రాశారు.

నేను అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్, అంటే ఆసుపత్రి రికార్డుల్లోని జబ్బులకూ వైద్యాలకూ కోడ్ నంబర్లు వేసే పని, నేర్చుకున్నాను. ఇంట్లోంచే చేసుకునే ఉద్యోగం దొరికింది. ఆ ముసలి కంప్యూటర్ తెరుచుకునేలోపు కుక్కర్ మూడు కూతలు వేసేది. కొత్తది కొనే స్తోమత లేదు. ఉన్నదాన్నే బాగు చేయిస్తానని మామయ్యగారికి చెప్పి, సీపీయూని ఒళ్లో పెట్టుకుని ఆటోలో అమీర్‌పేట వెళ్లాను. దుకాణం అతను విప్పి చూసి, హార్డ్ డిస్కు తీసి దాని బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయాలన్నాడు, ర్యామ్ కూడా పెంచాలన్నాడు. నా దగ్గరున్న డబ్బు రెండింటికీ చాలలేదు.

“పాత డిస్కు మంచిగనే ఉందక్కా. గది నాకిస్తే ర్యామ్ సుత ఏస్త. లోపలున్నది కాపీ చేయాల్నా? రెండు గంటలైతది, జర కూసో.”

“అక్కర్లేదన్నా. అందులో ఏం లేదు. తుడిచేయండి.”

రెండు గంటలు. కూర్చోలేకపోయానా? మర్నాడే ఉద్యోగంలో చేరాలి, తొందరలో ఉన్నాను అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కానీ తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆగి చెరుకురసం తాగాను. తొందరలో ఉన్నవాళ్లు చెరుకురసం తాగుతారా? నిజమేంటంటే, ఆ రాతలు ఇంటికొస్తే వాటి వెనకే మామయ్యగారూ ఆ కుర్చీలోకి వస్తారు. నాకు ఆ కుర్చీ కావాలి. పొద్దుటి పూటలు కావాలి. అడగొచ్చు కదా అంటారు. అడిగితే ఇచ్చేవారేమో కూడా. పెళ్లయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ప్రతిదీ అడిగే తీసుకున్నాను. ఆ ఒక్కటీ అడగబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి డిస్కు చెడిపోయిందన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మామయ్యగారికి ఒక అలవాటు. కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేయరు. ఫ్యాన్ ఆపినట్టు గోడ స్విచ్ ఆపేస్తారు. దాని గురించి మావారు చాలాసార్లు కసురుకున్నారు కూడా. “మీరలా ఆపినందుకే పోయిందట,” అన్నాను. దుకాణం అతను ఆ మాటే అనలేదు.

ఆయన చాలాసేపు ఆ స్విచ్ వంకే చూశారు. “నా చేతులారా చేసుకున్నానమ్మా,” అన్నారు. మళ్లీ కీబోర్డు ముట్టుకోలేదు.

కుర్చీ తీసుకున్నందుకు నేను సిగ్గుపడను. మావారి కంపెనీ మూతపడిన ఏడాది ఇల్లు నడిచింది నా కోడింగ్ మీదే. మళ్లీ ఆ రోజే వస్తే మళ్లీ తీసుకుంటాను, ఎవరేమనుకున్నా సరే. అయితే ఆ స్విచ్ మాట ఎందుకన్నాను? దానితో నాకు ఒరిగిందేమీ లేదు. అది అవసరం కాదు, కసి. దానికి మాత్రం నా దగ్గర సాకు లేదు, ఎంత వెతికినా దొరకలేదు.

ఆయనకు చెప్పలేదు. చెబుతానని మీకు మాటా ఇవ్వను.

ఇప్పటికీ సాయంత్రం నా పని అయ్యే వేళకి ఆయన గుమ్మంలోకి వస్తారు. “సరిగ్గా ఆపావా అమ్మా? నాలా చేయకు,” అంటారు. ఆపాను మామయ్యగారూ, అంటాను.

ఆయనేం చెడగొట్టలేదు. డిస్కు బాగానే ఉంది. నేనే ఇచ్చేశాను. ఈ మూడు మాటలూ ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట రాయాలనుకున్నాను. రాశాను.