టీ పోసేవాళ్లకు ఓటు లేదు

నా చెల్లెలు ఇటలీలో ఒక పెద్ద నగరం కౌన్సిల్‌కు పోటీ చేస్తోందంటే బర్మాలో మా తామ్వే వీధిలో మొదట ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. ఇక్కడే పుట్టి, మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారపు బడిలో వాక్యాలు వల్లించి, ఇరవై ఏళ్ల కిందట అక్కడి వృద్ధాశ్రమంలో పనికని వెళ్లిన మనిషి. ముసలమ్మలకు స్నానాలు చేయించి, ముద్దలు తినిపించి, వాళ్ల భాష వాళ్ల నోటినుంచే నేర్చుకుంది. ఆ దేశపు పౌరసత్వమూ సంపాదించుకుంది. అంతవరకు బాగానే ఉంది. కౌన్సిలరేమిటి?

"బస్సు కోసమక్కా," అంది ఫోన్లో.

ఆశ్రమం ఊరి చివర గుట్ట మీద ఉంటుంది. తెల్లవారుజామున అయిదింటికి అక్కడికి వెళ్లే మొదటి బస్సు తీసేశారు. అందులో ఎక్కేవాళ్లంతా ఆయాలు, ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు. వాళ్లు చలికాలంలో కూడా నలభై నిమిషాలు గుట్ట ఎక్కి పనిలోకి వెళ్లాల్సిందే. బస్‌స్టాపులో నిలబడి చెల్లెలు సంతకాలు పోగుచేసింది. వాటిని చూసిన ఒక పార్టీవాళ్లు తమ జాబితాలో చేరమన్నారు. ఆమెకు కౌన్సిలర్ హోదా మీద మోజు లేదు. సభలో నిలబడి ఆ బస్సు ఎందుకు తీశారని అడగాలి, అంతే.

అక్కడి పద్ధతి నాకు రెండుసార్లు చెబితే గాని బుర్రకెక్కలేదు. మేయర్‌కు ఒక ఓటు. కౌన్సిల్ కోసం పార్టీ గుర్తు మీద గీటు పెట్టి, పక్కనున్న గీతల మీద నచ్చిన అభ్యర్థి పేరు ఓటరే చేత్తో రాయాలి. ఇద్దరి పేర్లు రాయొచ్చు గాని ఒకరు ఆడ, ఒకరు మగ అయి ఉండాలి. పార్టీకి ఎన్ని సీట్లొస్తే, జాబితాలో ఎక్కువమంది రాసిన పేర్లకు అన్ని సీట్లు. జనం పేరు గుర్తుపెట్టుకోవాలి కదా, అందుకని అభ్యర్థులు తమ ఫొటో ఉన్న చిన్న కార్డులు పంచుతారు. వాటిని అక్కడివాళ్లు పునీతుల పటాలని పిలుస్తారట, సరిగ్గా ఆ సైజే కాబట్టి. మేము బాప్టిస్టులం, పునీతుల పటాలు ఇంట్లో పెట్టం. అయినా చెల్లెలు పంపిన తన కార్డు ఫొటోను, ఊరి నడుమ చౌక్తడా పేటలో నేను టైపు పని చేసే లాయరు ఆఫీసు కిందున్న కొట్లో కాపీలు తీయించి, ఒకటి బీరువా అద్దానికి అంటించాను. మిగతావి మా సంఘం స్త్రీల సమాజంలో పంచాను.

"మనం కూడా ఏస్తామేటి ఓటు?" అని అడిగింది ఒకావిడ.

"ప్రార్థన సెయ్యి సాలు," అన్నాను.

మా సమాజంలో ఎన్నికలంటే అందరికీ సరదానే. ఈ ఊళ్లో మిగతా ఎన్నికల గురించి గొంతు తగ్గించి మాట్లాడతాం గాని మా కార్యదర్శి ఎన్నిక గురించి వీధంతా వినబడేలా మాట్లాడతాం. ఏటా చీటీలు రాసి కానుకల సంచిలో వేస్తాం. పోటీలో నిలబడినవాళ్లు మాత్రం వేయరు. చీటీలు రాసేసేలోగా వాళ్లు వెనక వంటింట్లోకి వెళ్లి టీ కాచి, కెటిల్ పట్టుకుని వచ్చి అందరికీ పోయాలి. గెలిచినావిడా పోయాలి, ఓడినావిడా పోయాలి. మా అమ్మమ్మల కాలంనుంచీ ఉన్న పద్ధతి ఇది. తన పేరు తనే రాసుకోవడమంటే మాలో అంత సిగ్గుమాలిన పని మరోటి లేదు.

ఒక ఆదివారం, మర్నాడు సోమవారం అక్కడ ఓట్లు పడ్డాయి. మంగళవారం సాయంత్రం నేను ఆఫీసునుంచి దిగి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది. వీడియోలో చెల్లెలి మొహం వాడిపోయి ఉంది.

"మన మేయర్ గెలిసీసినాడక్కా," అంది.

"నీ సంగతి సెప్పవే!"

"మా జాబితాకి ఆరు సీట్లొచ్చినాయి. ఆరోదానికి ఇద్దరం సమానం. నాకెన్నో ఆ టీచరమ్మకీ అన్నే."

ఆ టీచరమ్మ సంగతి ముందే చెప్పింది. రిటైరైన బడిపంతులమ్మ, చెల్లెలితో పాటే బస్‌స్టాపులో సంతకాలు పట్టిన మనిషి.

"అయితే సీటీలేస్తారేటి?"

"నేదక్కా. సమానమైతే జాబితాలో పేరు పైనున్నోళ్లకే. ఆవిడది పైన."

ఒక్క ఓటు! నేను ఒంటికాలి మీద లేచాను. బస్‌స్టాపులో ఉన్నవాళ్లకు తెలుగు రాకపోవడం ఆ రోజు నా అదృష్టం. ఆ ఒక్క ఓటు ఎగ్గొట్టిన వెధవ ఎవడని తిట్టాను. ఆశ్రమం వంటమనిషేనా, కార్డు తీసుకుని పళ్లికిలించిన పక్కింటాయనేనా అని పేరుపేరునా అడిగాను. నా బస్సు వచ్చింది, నిండింది, వెళ్లిపోయింది. 

"ఎవులే ఆ ఓటెయ్యనోళ్లు?" అన్నాను మళ్లీ.

"నానే అక్కా."

"ఏటీ?"

"నాకు నాను ఏసుకోనేదు. పెన్సిలు పట్టుకున్నాను, సెయ్యి రానేదు. టీచరమ్మ పేరు రాసీసినాను."

"అక్కడ టీ ఎవులు పోస్తారే, పిచ్చిమొహమా!" అని అరిచాను.

అప్పుడు తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో రాయాలి, లేకపోతే ఇదంతా రాయడం దండగ.

చిన్నప్పటి మాట. అప్పుడు తనకు పదేళ్లు, నాకు పదహారు. ఆదివారపు బడిలో పిల్లల నాయకురాలి ఎన్నిక. చేతులెత్తి ఎన్నుకోవాలి. పోటీలో ఉన్న చెల్లెలు వంటింట్లో ఉండాల్సింది, తలుపు సందులోంచి తొంగిచూస్తూ తన కోసం తనే చెయ్యెత్తింది. పిల్లలంతా గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. గబగబా వెళ్లి ఆ చెయ్యి మీద ఫట్‌మని ఒక్కటిచ్చి, "సిగ్గు నేదేటే?" అని కెటిల్ చేతికిచ్చాను. ఏడుస్తూనే అందరికీ టీ పోసింది. ఆ రోజు గెలిచింది కూడా. గెలిచినా సాయంత్రందాకా నా మొహం చూడలేదు.

ఇంటికి వచ్చి ట్వంటే మట్టికుండలోంచి రెండు గ్లాసుల నీళ్లు తాగాను. అద్దం మీది ఫొటో వైపు చూడలేకపోయాను. ఆ సీటు పోగొట్టింది నేను. ఇంత సూటిగా ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. సమాజంలో చెబితే మా పెద్దావిడ కళ్లు తుడుచుకుని, "మన పిల్ల! బాగా సేసినాది," అంది. నాకు ఒళ్లు మండింది. అందరూ తనను పొగిడేవాళ్లే గాని గుట్ట ఎక్కేవాళ్లు ఒక్కరూ లేరు.

తరవాతి ఆదివారం చెల్లెలు ఒక ఫొటో పంపింది. వాళ్లింటి చిన్న బల్ల దగ్గర తను కూర్చుని ఉంది. తెల్లజుట్టు టీచరమ్మ నిలబడి తన గిన్నెలోంచి చెల్లెలికి కాఫీ పోస్తోంది. ఆవిడకు పడిన ఆ ఓటు ఎవరిదో, ఎందుకు పడిందో చెల్లెలే నవ్వులాటగా చెప్పేసిందట. ఆవిడకు నవ్వులాటగా అనిపించలేదు. మా వంటింటి సంగతి, కెటిల్ సంగతి అంతా అడిగి తెలుసుకుని, ఇంటినుంచి తన కాఫీ గిన్నె పట్టుకుని వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా పోసిందట. "సభలో నా మొదటి ప్రశ్న నీ బస్సే," అందట.

మాట నిలబెట్టుకుంది. మొదటి ప్రశ్నకు జవాబు రాలేదు. రెండోసారి అడిగింది, మూడోసారి కాగితాల కట్ట పెట్టి అడిగింది. చలి మొదలయ్యే ముందు బస్సు వచ్చింది. చెల్లెలు ఆ బస్సులోంచి ఇంకో ఫొటో పంపింది. అందులో తన మొహం లేదు, బస్సు కమ్మీ పట్టుకున్న కుడిచెయ్యి మాత్రమే ఉంది. నేను కొట్టింది ఆ చెయ్యే. చాలాసేపు చూశాను. సంతోషం వేసింది, నిజంగానే వేసింది. చిన్నప్పుడు చెప్పని మాట ఇప్పుడైనా చెప్పాలనిపించి ఫోన్ చేశాను.

"ఆ రోజు నాను కొట్టకుండా ఉండాల్సింది," అన్నాను.

"యబాదే అక్కా, ఊరుకో," అంది. పరవాలేదనడానికి మా ఇంట్లో బర్మా మాటే వస్తుంది. "బస్సొచ్చింది కదా."

"బస్సు సరేనే. నాకు సీటు కూడా కావాలి. అయిదేళ్ల తరవాత మళ్లీ నిలబడు. నీ పేరు నువ్వే రాసుకో. నా మీద ఒట్టు."

"రాస్తాను. ముందు నువ్వు రాసుకుని సూపించు. వచ్చే ఆదివారం మన సమాజంలో నువ్వు నిలబడతన్నావంట కదా?"

వార్తలు ఎలా పాకుతాయో తెలియదు. నిజమే, ఈసారి కార్యదర్శి పదవికి నా పేరు పెట్టారు. రాసుకుంటానని గట్టిగా చెప్పాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చీటీలు పంచారు. నా ముందుకూ ఒకటి వచ్చింది, అలవాటు లేని పిల్ల ఎవరో పొరపాటున ఇచ్చింది. సంచిలోంచి పెన్ను తీశాను, మూత కూడా తీశాను. పక్కనున్నావిడ నా వైపు చూడలేదు, ఎవరూ చూడలేదు. ఖాళీ చీటీని రెండు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని, లేచి వంటింట్లోకి వెళ్లి, కెటిల్ పొయ్యి మీద పెట్టాను.