పునాదికి పట్టిన కొవ్వు

ఆ రోజుల్లో మా గల్లీలో లావుగా ఉండటం లోటు కాదు, హోదా. ఇప్పుడు చెబితే మా అమ్మాయి నమ్మదు గానీ, బొంబాయి కామాటిపురలో తొమ్మిదో తరగతి చదువుతున్న నన్ను అందరూ ‘పునాది’ అని పిలిచేవారు. గోకులాష్టమినాడు గల్లీకి అడ్డంగా, మా ఒంటిగది కాపురాల చాల్ పైఅంతస్తు ఎత్తున కట్టిన ఉట్టిని కొట్టాలంటే మనుషుల భుజాల మీద మనుషులు ఎక్కి నిలబడాలి కదా, ఆ గోవింద జట్టులో అట్టడుగు వరుసలో నడిమి చోటు నాది. జట్టును నడిపేది మా మేనమామ. సెంట్రింగ్ పని చేసేవాడు. నాకు ఆ పేరు పెట్టింది ఆయనే. మా నాయనమ్మకైతే ఆ పేరు వింటే చాలు, ముఖం వెలిగిపోయేది. “మీ తాత ఈ బంబైల ఎన్నో బంగ్లలకు పునాదులు తవ్విండు. నువ్వైతే నువ్వే పునాదివైనవు బిడ్డా” అంటూ జొన్నరొట్టె మీద ఇంకో చెంచా నెయ్యి వేసేది. (వద్దని నేను ఒక్కసారి కూడా అనలేదు. పునాదిలో సిమెంటు తగ్గిస్తే ఎట్లా?)

ఆ ఏడాది వానలు మొదలైన కొత్తలో బడికి ఒక డాక్టరమ్మ వచ్చి పిల్లలందరినీ పరీక్ష చేసింది. నా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. తర్వాత అమ్మను పిలిపించి, పెద్దాసుపత్రిలో కడుపు ఫోటో తీయించమంది. తీయిస్తే నా లివర్‌కు కొవ్వు పట్టిందని తేలింది. ఈ వయసులోనే ఇట్లా ఉంటే ముందుముందు గుండె మీదా భారం పడుతుందని, దీనికి మందుబిళ్ళ కంటే ముందు ఒంటికి రోజూ కదలిక కావాలని, కూల్‌డ్రింకులు మానాలని డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. అమ్మ ఏడ్చింది. నాయనమ్మ మాత్రం ఏడవలేదు, నన్ను అనుమానించింది. పాలమూరులో ఆమె ఎరిగినంతవరకు లివర్ చెడేది తాగుబోతులకే. అందుకని కొన్నాళ్ళపాటు నేను బడి నుంచి రాగానే దగ్గరికి పిలిచి, తల నిమురుతున్నట్టే నిమురుతూ నోరు వాసన చూసేది. వడాపావ్ వాసన తప్ప ఇంకేమీ తగలక ఊపిరి పీల్చుకునేది. అసలు భయపడాల్సింది ఆ వాసనకేనని ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

డాక్టరమ్మ చెప్పిందని పీటీ సర్ నాలాంటి వాళ్ళను పొద్దున్నే పోగుచేశాడు. మా బడికి మైదానం లేదు. ఉన్నవి మెట్లు. కిందనుంచి మిద్దెదాకా ఎక్కి దిగాలి, ఆయన గేటు దగ్గర కూర్చుని చూస్తాడు. నాకు పట్టుకున్న దిగులు లివర్ గురించి కాదు. ఇట్లా ఎక్కి దిగితే ఒళ్ళు తగ్గుతుంది, ఒళ్ళు తగ్గితే అడుగు వరుసలో నా చోటు పక్క గల్లీ ఇస్త్రీ దుకాణం వాళ్ళ అబ్బాయికి పోతుంది. వాడప్పటికే నాకంటే బలిసి, ఆశగా చూస్తున్నాడు. అందుకే రెండో అంతస్తు దాకా గబగబా ఎక్కి, ఖాళీ తరగతిలో కూర్చుని, జేబులోని వడాపావ్ తినేవాణ్ణి. మిగతావాళ్ళు దిగే చప్పుడు వినగానే కుళాయి తిప్పి ముఖం నిండా నీళ్ళు చల్లుకుని, రొప్పుతూ కిందికి వచ్చేవాణ్ణి. పీటీ సర్ నన్ను చూపించి, “ఇదీ కష్టపడటమంటే” అని మిగతావాళ్ళను తిట్టేవాడు. ఆ మెప్పు కూడా సిగ్గులేకుండా తీసుకున్నాను.

అష్టమి దగ్గరపడ్డాక గల్లీలో సాధన మొదలైంది. ఆ సాయంత్రం నా భుజాల మీద మామ, ఆయన పైన ఇంకో వరుస. పైవాళ్ళు సర్దుకునేలోగా నాకు ఊపిరి అందలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. దిగండని అరవాలన్నా ఊపిరి కావాలి కదా. బరువు నాకేం లెక్క అనుకునేవాణ్ణి, నా మోకాళ్ళు మాత్రం లెక్కపెట్టుకున్నట్టున్నాయి, మడత పడ్డాయి. చినిగిన బస్తాలోంచి బియ్యం జారినట్టు అందరూ జారిపోయారు. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకుంటూ లేచారు. మామ లేవలేదు. కుడి మణికట్టు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

ఎముక విరిగింది. సెంట్రింగ్ పనికి రెండు చేతులూ కావాలి. ఆ ఏడు మా జట్టు ఉట్టి దగ్గరికి పోనేలేదు.

మామను చూడటానికి వెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయనే కట్టుతో మా గది ముందుకు వచ్చాడు. తిడతాడనుకున్నాను.

“ఊపిరెందుకు ఆడలేదురా? రోజూ మెట్లెక్కుతున్నవ్ గదా?”

“ఎక్కుతున్న మామా.”

“నీ బడి ముంగట్నుంచే గదరా నేను పనికి పోయేది. మొకమంత తడిసుంటది, ఈపు ఎండుగుంటది. అదేం చెమటరా అల్లుడా?”

నేను ఏడుస్తూ అంతా చెప్పాను, ఇస్త్రీ దుకాణం అబ్బాయితో సహా. మామ కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి సర్దుకున్నాడు. “లావుండి ఏం జేస్తవ్రా? కింద నిలవడాల్నంటే దమ్ము గావాలె. నాకు చెయ్యే ఇరిగింది, కాళ్ళు మంచిగనే ఉన్నయి. రేపు పొద్దుగాల లెవ్వు” అన్నాడు.

మర్నాటి నుంచి ఇద్దరం ఫాక్‌లాండ్ రోడ్డు దాటి చౌపాటీ సముద్రం దాకా నడిచేవాళ్ళం. నడక పరుగైంది. మెడకు కట్టుకున్న చేతితో ఆయన ముందు, తిట్టుకుంటూ నేను వెనక. కట్టు విప్పి ఆయన పనికెక్కాక కూడా అది ఆగలేదు. కొన్ని నెలల తర్వాత మళ్ళీ ఫోటో తీస్తే లివర్‌కు పట్టిన కొవ్వు బాగా తగ్గింది. బరువు ముల్లు మాత్రం దాదాపు అక్కడే ఉంది. నేను అడగకుండానే డాక్టరమ్మ నవ్వి, ఒళ్ళు తగ్గకముందే లోపల మేలు జరగొచ్చు, బరువు చూసి మానేయకు అంది. అప్పుడు అర్థమైంది నా తెలివి. తగ్గని బరువును కాపాడుకోవడానికి మామ చెయ్యి విరగ్గొట్టాను. మరుసటేడు అడుగు వరుసలో నా చోట నేనే నిలబడ్డాను. మామ మళ్ళీ నా భుజాల మీదకే ఎక్కాడు. ఆ చెయ్యి పూర్తిగా తిరగదు, అయినా ఆయన ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు మా అమ్మాయి తొమ్మిదిలో ఉంది. దానికీ డాక్టరు అదే మాట చెప్పాడు. పొద్దున్నే చాల్ మెట్లు ఎక్కి దిగమని చెప్పి, పేపరు ముందు పెట్టుకుని, కదలిక గొప్పతనం గురించి దానికి నేను చేసిన బోధ మా పీటీ సర్ విన్నా మెచ్చుకునేవాడు. మొన్న వచ్చి తలుపుకు ఆనుకుని, “థక్ గయీ పప్పా” అంది, అలసిపోయానని. ముఖమంతా నీళ్ళు కారుతున్నాయి. ప్రేమగా దగ్గరికి తీసుకుని వీపు మీద చెయ్యి వేశాను. పొడిగా ఉంది.

తిట్టే అర్హత నాకు లేదు. పేపరు మడిచి, మంచం కిందున్న బూట్లు లాగి వేసుకున్నాను. నడుము వంచి లేస్తేనే ఆయాసం వచ్చింది. “పద” అన్నాను. అది నన్ను వింతగా చూసి, వెంట వచ్చింది. మెట్ల మలుపులో కుళాయి ఉంది. అమ్మాయి తల దించుకుని దాన్ని దాటిపోయింది. నేను మాత్రం ఒక్క క్షణం ఆగి, ఆ కుళాయివైపు కొంచెం ఆశగా చూశాను.