అందుకోండ్రమ్మా

గల్ఫ్ యుద్ధం రోజుల్లో సౌదీలోని ఖతీఫ్‌లో ఒక ఆసుపత్రిలో నేను నర్సును, ఆమె వార్డులు తుడిచే ఆయా. సైరన్ మోగగానే గ్యాస్ మాస్కులు తగిలించుకుని అందరం కింది స్టోర్‌రూములో చేరేవాళ్లం. కరీంనగర్ వైపు మనిషి ఆమె. మాస్కు తీసేసి, అరచెయ్యి చెవికి ఆనించి నాట్ల పాట ఎత్తుకునేది. ఒక చరణం పాడి ఆగిపోయేది.

"అందుకోండ్రమ్మా! మీరందుకోకుంటె నేనెట్ల పాడుత?"

వంత పాడాలంటే మేమూ మాస్కులు తియ్యాలి. బుద్ధి ఉన్నవాళ్లెవరూ చెయ్యని పని. తీసి పాడేవాళ్లం.

యుద్ధమయ్యాక ఆమె ఇంటికి వెళ్లిపోయింది. అక్కడ ఆమె పాడి రికార్డు చేసిన పాటల క్యాసెట్లు ఇక్కడి లేబర్ క్యాంపుల్లో అరిగిపోయేదాకా తిరిగాయి. తర్వాత సినిమావాళ్లు పిలిచారు. అన్నీ అమ్మ వేషాలే.

"పాడనిస్తున్నారా అక్కా?" అని ఒకసారి ఫోన్లో అడిగాను.

"ఏడి పాట చెల్లె! పొద్దుగూకెదాక ఏడుసుడే. అలిసిపోయిన."

మొన్న డ్యూటీ దిగి స్టాఫ్‌రూములో టీవీ పెడితే ఆమె సినిమా వస్తోంది. కొడుకు శవం ముందు కూర్చుని ఉంది. ఏడవాల్సిన చోట ఒక్క క్షణం ఆగింది. అరచెయ్యి దానంతటదే చెవిదాకా లేచింది. పాట మాత్రం రాలేదు.

గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. అందుకున్నాను.